తోమితే అరిగిపోయిన సిరా

కువైట్‌లో నూనె బావులు తగలబడుతున్న రోజులవి. సరిహద్దుకు ఇవతల, సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో మిట్టమధ్యాహ్నం కూడా లైట్లు వేసుకోవాల్సి వచ్చేది. యుద్ధం ముగిసిందని రేడియో చెప్పి నెల దాటినా, కొరియా కంపెనీ క్యాంపులో గదులు శుభ్రం చేసే దేవన్నకు మసితో యుద్ధం ముగియలేదు. కప్పు కడిగి బోర్లిస్తే ఇటు తిరిగేలోగా నల్లబడేది. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఆ నలభై ఏళ్ల మనిషికి పని అంటే ఒకటే తెలుసు, నల్లగా ఉన్నది తెల్లబడేదాకా తోమడం.

ఒకరోజు దేవన్న, ముసలి సూపర్‌వైజర్ పార్క్ సారు గదిలోని సామానంతా సబ్బు కలిపిన వేడినీళ్లలో నానేశాడు. కప్పులు తెల్లబడ్డాయి. గుడ్డలో చుట్టి ఉన్న బొటనవేలంత నల్ల ముక్క మాత్రం మొండికేసింది. ఎంత తోమినా నలుపు కారుతూనే ఉంది. దేవన్న దానికంటే మొండి. చివరికి చేతిలో ఏమీ మిగల్లేదు. నీళ్లు ఇసుకలో పారబోసి, చేతులు తువ్వాలకు తుడుచుకున్నాడు.

డ్యూటీ దిగి వచ్చిన సారు ఆ ఖాళీ గుడ్డను తిప్పి తిప్పి చూశాడు. కోప్పడలేదు. అందుకే దేవన్నకు భయమేసింది.

"మా నాన్న చేసిన సిరా," అన్నాడు సారు వచ్చీరాని హిందీలో. "సిరా కడ్డీలు చెయ్యడమే ఆయన పని. ఇదే చివరిది."

రాతిపలక మీద నీళ్లు చిలకరించి అరగదీస్తే ఆ కడ్డీ సిరా అవుతుందట. ఏటా తండ్రి పోయిన రోజున దాంతో ఆయన పేరు కాగితం మీద రాసి, గోడకు అంటించి, అన్నం పెట్టి మొక్కి, కాగితాన్ని కాల్చేస్తాడట. ఆ రోజు ఎల్లుండే.

"మసి అనుకున్న సార్," అన్నాడు దేవన్న.

"అది కూడా మసే. దీపం మసి."

దీపం మసి దేవన్నకు తెలియనిదా? వాళ్లమ్మ కాటుక అట్లాగే పట్టేది. మర్నాడు మెస్సులో దీపం వెలిగించి, పైన స్టీలు పళ్లెం బోర్లించి, పట్టిన మసిని గీకి, నెయ్యి కలిపి ఉండ చేసి తీసుకెళ్లాడు. మంచికి పోతే చెడు ఎదురైనట్టు, సారు దాన్ని అరగదీస్తే పలక మీద నెయ్యి చుక్కలు తేలాయి. కాగితం మీద మరక పడింది గానీ అక్షరం నిలవలేదు.

"నెయ్యి కాదు, జిగురు," అన్నాడు సారు. "తోలు మరిగించి తీసిన జిగురు. మసిలో కలిపి పిసికి, బూడిదలో నెలల తరబడి ఆరబెట్టేవాడు. మా నాన్న చేతుల నలుపు ఎంత కడిగినా పోయేది కాదు."

ఆ మాట వినగానే దేవన్న తన గదికి పరుగెత్తి, నిన్న చేతులు తుడుచుకున్న తువ్వాల తెచ్చాడు. దాని మీద ఐదు వేళ్ల నల్లటి అచ్చు.

"గిది పోతలేదు సార్. మూడుసార్లు ఉతికిన."

మర్నాడు సారు దేవన్నను లోపలికి పిలిచి, తలుపు గడియ పెట్టి, పేరు ఉండాల్సిన చోట ఆ తువ్వాల వేలాడదీశాడు. అన్నం పెట్టి, నేలకు తల ఆనించి రెండుసార్లు మొక్కాడు. తర్వాత అగ్గిపెట్టె తీశాడు.

"గదొక్కటే మిగిలింది సార్. ఉంచుకోండ్రి."

"కాల్చకపోతే ఆయన వెళ్లలేడు," అన్నాడు సారు.

తువ్వాల ఆలస్యంగా అంటుకుంది. వేళ్ల అచ్చు చివర్న కాలింది. బల్ల మీద రాలిన నలుపులో బావులది ఎంతో, తువ్వాలది ఎంతో తెలియలేదు. తుడిచే గుడ్డ దేవన్న భుజం మీదే ఉంది. తుడవడానికి చెయ్యి రాలేదు.