ఇల్లరికం వచ్చిన పలాడియం

ఖాళీ ప్రొటీన్ వేసిన బీకరు పసుపు రంగుకు తిరిగింది.

అలా తిరక్కూడదు. మా ల్యాబులో డిజైన్ చేసిన ఆ ప్రొటీన్‌కి మధ్యలో చిన్న గుంట ఉంటుంది. అందులో పలాడియం అనే లోహం కూర్చుంటేనే అది కృత్రిమ ఎంజైమ్ అవుతుంది, రంగులేని ద్రావణాన్ని పసుపుగా మారుస్తుంది. లోహం లేకపోతే ఏమీ జరగకూడదు.

"ప్రొటీన్ ఇల్లు, పలాడియం ఇల్లరికపు అల్లుడు. అచ్చం నాలాగే," అని బావ అందర్నీ నవ్వించేవాడు. నాన్న పెట్టిన ల్యాబుని ఇప్పుడు నడుపుతున్నది ఆయనే.

అల్లుడు లేని ఇల్లు పనెలా చేసింది?

ద్రావణాన్ని కలుపుతూ అడుగున తిరుగుతున్న మాగ్నెట్‌ని బయటికి తీశాను. తెల్లటి పూత నిండా గీతలు. గీతల్లో నల్లటి మరక. పాత ప్రయోగాల పలాడియం! కొత్త మాగ్నెట్ వేసి, ఈసారి అసలు ఎంజైమ్‌తోనే చేసి చూశాను. రంగు రాలేదు.

ఇన్నాళ్లూ పనిచేసింది మా ఎంజైమ్ కాదు. ఈ మరక.

బావ టై సర్దుకుంటూ వచ్చాడు. కాసేపట్లో మందుల కంపెనీవాళ్లు వస్తారు. ఎంజైమ్ వాళ్లకి నచ్చితే ల్యాబు నిలబడుతుంది. లేదంటే తాళమే.

"బావా, అల్లుడు ఇంట్లో లేడు," అంటూ మాగ్నెట్ చూపించాను.

ఆయన ముఖం పాలిపోయింది. "ఇవాళొక్కరోజుకి ఇదే వెయ్యి."

"అంటే మోసం చెయ్యమంటావా?"

"మీ నాన్న ల్యాబు నా చేతుల్లో మూతపడితే మీ అక్కకి ముఖమెలా చూపించను?"

"అక్కకి నేను చెప్తాను. వాళ్లకి నువ్వు చెప్పు."

"నీ నోటికో దణ్ణం తల్లీ. సరే, కొత్తదే వెయ్యి. రంగు రాకపోతే నేనే చెప్తాలే." పాత మాగ్నెట్‌ని జేబులో వేసుకున్నాడు.

కంపెనీవాళ్లు వచ్చారు. బావ అల్లుడి జోకు వేశాడు. నవ్వారు. ఎంజైమ్ కలిపి, కొత్త మాగ్నెట్ వేసి బీకరు బావకి అందించాను. "చూడండి, నీళ్లలా ఉంది," అంటూ వాళ్ల ముందు తిప్పి చూపించి, మాగ్నెట్‌ని తిప్పే మిషన్ మీద పెట్టాడు.

కాసేపటికి ద్రావణం లేత పసుపైంది. చప్పట్లు! పిచ్చిదాన్ని, ఒక్క క్షణం నేనూ నమ్మాను.

చప్పట్లు ఆగాక వినిపించింది. టకటక. టకటక.

ఒక్క మాగ్నెట్ అయితే అంత చప్పుడు చెయ్యదు.

మిషన్ ఆపి, మాగ్నెట్లు తీసే కడ్డీ ముంచాను. ఒకదాన్నొకటి కరుచుకుని రెండు పైకొచ్చాయి, ఒకటి తెల్లగా, ఇంకోటి నల్లటి గీతలతో.

"రెండెందుకమ్మా?" అడిగాడు వాళ్లలో పెద్దాయన.

"తెల్లది నేను వేశాను సార్."

బావ నా వైపు చూడలేదు. మెల్లగా టై ముడి వదులు చేసుకున్నాడు.

"ఆ ఇంట్లో అల్లుడు లేడండీ," అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.