జడలక్క మీద పడ్డ నింద

ఆమె అసలు పేరు స్టూడియోలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ జడలక్కే. మేనత్త వెనకాల దువ్వెనల పెట్టె మోస్తూ ఆ గేటు దాటి ఇరవై రెండేళ్లయింది. తల మీద చెయ్యి వేస్తే చాలు, ఎవరికి నిద్ర పట్టలేదో చెప్పేసేది.

ఆ ఉదయం హీరోయిన్ తలకు గుడ్డ చుట్టుకుని వచ్చింది. గుడ్డ విప్పగానే జడలక్క గుండె జారిపోయింది. నడుము దాకా ఉండాల్సిన జుట్టు మెడ దగ్గరే ఆగిపోయింది. సగం సినిమా ఆ పొడుగు జుట్టుతోనే తీశారు.

"ఎవరమ్మా ఈ పని చేసింది?"

ఆ పిల్ల గుడ్డను మళ్లీ తల మీదికి లాక్కుంది. అంతలో వాళ్లమ్మ లోపలికి వచ్చి గది అదిరిపోయేలా అరిచింది. "నిన్న సాయంత్రం చివర్లు కత్తిరించింది నువ్వే కదా! నా బిడ్డ జుట్టంతా పాడు చేశావు!"

నిన్న కత్తిరించిన మాట నిజమే. కాకపోతే వేలెడంతే. అరుపులు విని పరుగెత్తుకొచ్చిన ప్రొడక్షన్ మేనేజరు ఆ తేడా వినే స్థితిలో లేడు.

"ముందు షాట్ కానివ్వు. తర్వాత నీ సంగతి చూస్తా. రేపట్నుంచి రానక్కర్లేదేమో!"

  జడలక్క సవరాల పెట్టె తెరిచింది. కిటికీ వెలుగులో రంగు సరిచూసుకుని, ఒక్కో పాయా కుదుళ్ల దగ్గర ముడి వేయసాగింది. గదిలో ఇద్దరే మిగిలాక అద్దంలోంచి పిల్ల గొణిగింది.

"నేనే కోసుకున్నానక్కా. అమ్మ నన్నడక్కుండా ఇంకో మూడు సినిమాలు ఒప్పేసుకుంది. జుట్టు లేకపోతే వాళ్లే వద్దంటారని..."

"తెలుసమ్మా. వెనకాల కోత వంకరగా పైకి పోయింది. ఎవరి జుట్టు వాళ్లు కోసుకుంటే అలాగే అవుతుంది."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్పాల్సిన మాట నేనెలా చెప్తాను? కానీ నువ్వు చెప్పకపోతే నా పని పోతుంది. అది కూడా తెలుసుకో."

మూడు గంటలు పట్టింది. సెట్లో పెద్ద ఫ్యాను తిప్పారు. జుట్టంతా ఒక్కసారిగా లేచి గాల్లో ఆడింది.  ఒక్క పాయైనా ఊడలేదు. "ఓకే!" అన్నాడు డైరెక్టరు.

మేనేజరు ఆమె వైపు రాబోతుంటే పిల్ల అడ్డం వచ్చింది. "అక్క తప్పేం లేదండీ. నా జుట్టు నేనే కోసుకున్నా."

"నోరు మూసుకో!" అంది తల్లి.

"ఇన్నాళ్లూ మూసుకునే ఉన్నానమ్మా. ఆ మూడు సినిమాలూ నేను చెయ్యను."

తల్లి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. మేనేజరు బుర్ర గోక్కున్నాడు. క్షమాపణ అతని నోటికి అలవాటు లేని మాట.

"జడలక్కా, రేపు ఏడింటికల్లా వచ్చెయ్. గుంపు సీను. ఇరవై తలలున్నాయి."

"ఇరవయ్యేం ఖర్మ, నలభైయైనా వేస్తా," అంది. 

సెట్టు వెనక బోర్లించిన చెక్కపెట్టె మీద కూలబడి, చెంగుతో ముఖం తుడుచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. కాసేపటికి పిల్ల సవరాలన్నీ విప్పించుకుని, వంకర జుట్టును సమంగా కత్తిరించమని కూర్చుంది. పని అయ్యాక తల అటూ ఇటూ విదిలించి పకపకా నవ్వింది.

పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లైనా ముట్టలేదని జడలక్కకు అప్పుడు గుర్తొచ్చింది. కడుపు నకనకలాడుతుంటే క్యాంటీను వైపు చకచకా నడిచింది.