రెప్పుగారి పిజ్జా

విజయ్‌కుమార్ మందుల కంపెనీలో రెప్పు. బ్యాగు నిండా శాంపిళ్లు వేసుకుని బండి మీద ఊళ్లు తిరగడం అతని ఉద్యోగం. మధ్యాహ్నం డాక్టర్లు తలుపులు వేసుకోగానే ఏదో ఒక పిజ్జా కొట్టులో కూలబడేవాడు. అన్నం తినొచ్చు కదయ్యా అంటే నవ్వేవాడు. అన్నం ఎక్కడైనా అన్నమేనట, పిజ్జా మాత్రం ఊరికో రకమట. రాజాంలో పైన కారప్పూస చల్లుతారు. పార్వతీపురంలో సాసులో బెల్లం వేస్తారు. విజయనగరంలో స్వీట్‌కార్న్ గుట్టగా పోసి మయొనైజుతో ముగ్గులు పెడతారు. సొంతూరు బొబ్బిలిలో రొట్టె మరీ పల్చన, పట్టుకుంటే వేలాడిపోతుంది. ఈ సంగతులన్నీ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు. పిజ్జా గురించి ఇంత నోరున్న మనిషి, ఆ నోరు పనికి రావలసిన రోజున ఏం చేశాడో చెప్పడానికే ఇదంతా.

అన్నిటిలోకీ అతను మనసు పారేసుకున్న కొట్టు శ్రీకాకుళంలో, ఏడురోడ్ల జంక్షన్ దాటాక ఒక సందులో ఉంది. పేరు రాజకుమారి పిజ్జా. భర్త పోయాక రాజకుమారి కిరాణా తీసేసి, అదే గదిలో ఓవెన్ పెట్టుకుంది. గల్లా దగ్గర కూతురు యమున కూర్చుంటుంది. అక్కడి పిజ్జా అడుగు దిబ్బరొట్టెలా మందంగా, ఎర్రగా కాలి, అంచు కరకరలాడుతుంది. ఒకరోజు రాజకుమారి సరదాకి పనసపొట్టు కూర పైన పరిచి ఇస్తే, "ఆవ పెడితే అదిరిపోతాదండి" అన్నాడు విజయ్. ఆవిడ ఆవ పెట్టి ఓవెన్‌లోకి తోసింది, చేదెక్కి ఊరుకుంది. బయటికి తీసి, వేడి కాస్త తగ్గాక రాయాలని అతనే చెప్పాడు. ఇక ఆ సందులో అందరికీ అది రెప్పుగారి పిజ్జా అయిపోయింది. వారం వారం అది తింటూ, గల్లా వైపు చూస్తూ, చివరికి యమునా తనూ ఒక మాట అనుకున్నారు.

మిగిలింది పెద్దవాళ్లు. విజయ్‌కి తండ్రి లేడు. అతన్నీ తల్లి అనూరాధనీ చూసుకున్నది మేనమామ రంగనాథం. ఆయనకి బొబ్బిలిలో పప్పుల వ్యాపారం. ఆ ఇంట్లో సంబంధాలు పెద్దవాళ్లు తెస్తారు గాని పిల్లలు వెతుక్కోరు. అందుకని విజయ్ ఒక మధ్యవర్తిని పట్టుకుని, సంబంధం ఆ మధ్యవర్తే తెచ్చినట్టు మావయ్యకి కబురు పెట్టించాడు. తను ఈ కొట్టు గుమ్మం ఎప్పుడూ తొక్కనట్టే ఉండాలని రాజకుమారిని బతిమాలాడు.

"అబద్ధమెందుకు బాబూ? తిన్నావు, బాగున్నాదన్నావు. అందులో తప్పేటున్నాది?" అందావిడ. యమునే తల్లికి సర్ది చెప్పింది.

రంగనాథం గురించి కూడా ఒక ముక్క చెప్పుకోవాలి. మగపెళ్లివారి తరఫున వంకలు పెట్టడంలో ఆయన దిట్ట. చుట్టాల్లో ఏ పెళ్లయినా పిలిచి మరీ ముందు వరసలో కూర్చోబెట్టేవారు. పప్పులో ఉప్పు, బూరెలో పూర్ణం, చివరికి మంచినీళ్ల చల్లదనం, దేన్నీ వదిలేవాడు కాదు. ఆడపెళ్లివారు దీటుగా జవాబిస్తే చేతులు చరిచి నవ్వేవాడు. ఆయన వంక పెట్టకుండా లేచిపోతే, ఏం తక్కువైందో అని ఆడపెళ్లివారే కంగారు పడేవారు.

పెళ్లిచూపులు కొట్లోనే పెట్టారు. ఆ రోజు కొట్టుకి సెలవు. షట్టర్ సగం దించి, మధ్య బల్ల మీద కొత్త గుడ్డ పరిచారు. యమున పొందూరు చీర కట్టుకుంది. రాజకుమారి పొద్దున్నుంచీ పనసపొట్టు కొట్టి, ఆవాలు నూరి, పిండి కలిపి, చెమటతో తడిసిపోయి ఉంది. అయినా ముఖం వెలిగిపోతోంది. కాబోయే అల్లుడికి ఇష్టమైనదేదో ఆవిడకి తెలుసు మరి.

"మా కొట్టు పిజ్జా అన్నయ్యగారూ. పనసపొట్టు, ఆవ" అంటూ ప్లేట్లు పెట్టింది.

రంగనాథం ఒక ముక్క తిన్నాడు. రెండోది తిన్నాడు. మూతి తుడుచుకుని మొదలుపెట్టాడు.

"ఏటి సెల్లెమ్మా, పెళ్లిసూపులకే పెళ్లికూర తెచ్చి రొట్టె మీద పోసీసేవు? రేపు పెళ్లిలో ఏటెడతావు? విస్తట్లో పిజ్జాయా?"

"మీరొస్తానంటే విస్తరంత పిజ్జా కాల్సి పెడతాను అన్నయ్యగారూ. మోసుకెళ్లడానికి మనుషుల్ని మాత్రం మీరే తెచ్చుకోవాలి."

రంగనాథం చేతులు చరిచి నవ్వాడు. అనూరాధ కూడా నవ్వింది. సంబంధం దాదాపు కుదిరిపోయినట్టే ఉంది. ఆ ఊపులో ఆయన మేనల్లుడి వైపు తిరిగాడు.

"ఒరే, ఊరూరూ పిజ్జాలు మేసొస్తావు గదా. నువ్వు సెప్పు. ఇది పిజ్జాయేనేట్రా?"

అందరూ విజయ్ వైపు చూశారు. బాగుంది అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటా అనడానికి భయం వేసిందా మహానుభావుడికి. బాగుందంటే ఎంత బాగుందంటారు, ముఖం చూసి పట్టేస్తారు, ఇంతకుముందు తిన్నావా అంటారు. చిన్న అబద్ధంతో పోయేదానికి, అతని నోట్లోంచి పెద్దదే వచ్చింది.

"ఇలాంటిది నేనెప్పుడూ తినలేదు మావయ్యా. ఏదో వాసనగా ఉన్నాది. పిజ్జాయంటే పిజ్జాలాగుండాలి గాని, ఇదేటో మరి."

అంటూ ప్లేటు అవతలికి నెట్టాడు. నెట్టమని ఎవరూ అడగలేదు.

రంగనాథం నవ్వు ఆగిపోయింది. ఆయన ప్లేటులో మెతుకంత కూడా మిగల్లేదు. రాజకుమారి వచ్చి విజయ్ ప్లేటు తీసుకుంది. "పర్లేదు బాబూ. అందరికీ నచ్చాలనేటి లేదు" అంది, కొత్తవాళ్లతో మాట్లాడే గొంతుతో. విజయ్ తలెత్తలేదు. యమున ఎటు చూస్తోందో చూసే ధైర్యం కూడా అతనికి లేదు.

సరిగ్గా అప్పుడే షట్టర్ కింద నుంచి వంగి లోపలికి వచ్చింది సందు చివర పూలమ్మే మరిడమ్మ. శుభకార్యం కదా అని రాజకుమారి మూరలు చెప్పి ఉంచింది. మరిడమ్మ పూలు బల్ల మీద పెట్టి విజయ్‌ని చూసింది.

"ఏటి బాబూ రెప్పుగోరూ, కొట్టు మూసినా వొచ్చీసేవా! ఏటమ్మా, ప్లేటు తీసీసేవేటి? ఆవ తగ్గినట్టున్నాది, ఇంకాస్త ఎయ్యి. లేకపోతే ఈ బాబు ఒప్పుకోడు గదా!"

"ఈడు నీకెలా తెలుసు?" అనూరాధ అడిగింది.

"తెలకపోడమేటమ్మా? ఆవ పెట్టడం నేర్పిందే ఈ బాబు. మా సందంతా దీన్ని రెప్పుగోరి పిజ్జా అంటారు" అని, తనేం చేసిందో తెలియని మరిడమ్మ నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

విజయ్‌కి తల కొట్టేసినట్టయింది. భూమి చీలితే లోపలికి పోదామనుకున్నాడు. పిజ్జా కొట్టు గచ్చు అంత తేలిగ్గా చీలదు.

రంగనాథం రాజకుమారి చేతిలోని ప్లేటు వైపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"పిల్లని నువ్వే సూసుకున్నావన్నమాట. దానికి నాకు కోపం లేదురా. నాతో సెప్పలేకపోయేవు, అది మనింట్లో తేల్సుకుందుం. ఆయమ్మ నీకోసం పొద్దున్నుంచీ పొయ్యి కాడ నిలబడి సేసింది. నేను వంక పెట్టినా నాకు పెట్టినదంతా తిన్నాను. నువ్వు తోసీసేవు."

ఆయన లేచి రాజకుమారికి రెండు చేతులూ జోడించాడు. "తప్పయిపోయింది సెల్లెమ్మా."

ఇన్ని పెళ్లిళ్లలో మావయ్య ఆడపెళ్లివారికి చేతులు జోడించడం విజయ్ ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు జోడించింది తన కోసం.

"నువ్వేటంటావమ్మా?" అని యమునని అడిగాడాయన.

యమున ముందు ఆయన ప్లేటులో ఇంకో ముక్క పెట్టింది. తర్వాత విజయ్ వైపు తిరిగింది.

"దాసిపెడదామంటే నేనూ ఒప్పుకున్నాను. ఆ తప్పు నాదీను. కాని మీకు ప్రాణమైన పిజ్జాని నలుగురిలో బాగున్నాదని అనలేకపోయేరు. రేపు మీవాళ్లెవరైనా నాకు వంక పెడితే, నన్నూ ఇలాగే తోసేస్తారా?"

విజయ్ బల్ల మీది కొత్త గుడ్డ అంచు మడతపెడుతూ కూర్చున్నాడు.

"ఇప్పుడే ఏటీ సెప్పలేను మావయ్యగారూ" అంది యమున. రంగనాథం తల ఊపి, ఆ ముక్క కూడా పూర్తిగా తిని లేచాడు.

ఆ తర్వాత విజయ్ ఆ సందు తప్పించుకుని చుట్టూ తిరిగి వెళ్లేవాడు. రాజాంలో తిన్నాడు, విజయనగరంలో తిన్నాడు, ఏది ఎలా ఉందో ఎవరికీ చెప్పలేదు. రంగనాథం మాత్రం సరుకు పని మీద శ్రీకాకుళం వచ్చినప్పుడల్లా ఆ కొట్టుకి వెళ్లి, కడుపునిండా తిని, కొత్త వంక ఒకటి పెట్టి వస్తున్నాడని తల్లి చెప్పింది.

ఒక మధ్యాహ్నం బండి ఆ సందులోకి తిప్పాడు. కొట్టు కాలేజీ పిల్లలతో కిటకిటలాడుతోంది. అతని ముందున్న అమ్మాయి "ఒక వంకల మావయ్య పిజ్జా" అంది. తన పేరు తీసేశారన్నమాట. తీసేయరూ మరి! వెనక్కి వెళ్లిపోదామనుకున్నాడు, అప్పటికే తన వంతు వచ్చేసింది.

"ఏటి కావాలండి?" యమున తలెత్తకుండా అడిగింది.

"ఒక పిజ్జా."

"ఏ పిజ్జా?"

"అదే..." గొణిగాడు.

"వినపడలేదండి. గట్టిగా సెప్పండి."

చెవులు కాలిపోయాయి. "పనసపొట్టు ఆవ పిజ్జా" అన్నాడు గట్టిగా. "నాకు అన్నిటికంటే ఇష్టమైనది."

పిల్లలందరూ తిరిగి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఓవెన్ దగ్గర రాజకుమారి చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"ఇక్కడ తింటారా, పార్సిలా?"

"ఇక్కడే తింటాను."

"కూర్చోండి. టైం పడతాది" అంది యమున.

విజయ్ వెళ్లి, ఎప్పుడూ కూర్చునే మూల కుర్చీ వదిలేసి, అందరికీ కనబడే మధ్య బల్ల దగ్గర కూర్చున్నాడు.