ఊట మీద పేటెంటు

బెళుగుప్ప బస్టాండు వెనక హేమ, దేవేంద్ర కలిసి ఒక రిపేరు అంగడి నడిపేవారు. ఇద్దరూ అనంతపురంలో ఎలక్ట్రానిక్స్ కలిసి చదివినవాళ్లు. హేమది ఆ మండలంలోనే చీనీ, అంటే బత్తాయి, తోటల కుటుంబం. దేవేంద్రది కొత్తచెరువు; వాళ్ల నాయన గోపాలయ్యకు అక్కడ కరెంటు సామాన్ల వ్యాపారం. కొడుకు బెళుగుప్ప ఎండలో పాత స్టార్టర్లు విప్పుకుంటూ కూర్చోవడం ఆయనకు ఎప్పుడూ అర్థం కాలేదు. అయినా అడ్డు చెప్పలేదు.

అంగడికి వచ్చేవి చాలావరకు బోరు మోటార్ల పెట్టెలే. బోరులో నీళ్లు అయిపోయిన సంగతి మోటారుకు తెలియదు. ఉత్తగా తిరిగి తిరిగి కాలిపోతుంది. నీళ్లు తగ్గగానే ఆపేసే పెట్టెలు బజారులో ఉన్నాయి గానీ, మళ్లీ ఎప్పుడు వేయాలో వాటికి తెలియదు. ఈ రాతినేలలో ఒక్కో బోరుకు ఊట ఒక్కో రకంగా ఊరుతుంది, కాలాన్ని బట్టి మారుతుంది కూడా. మోటారు తీసుకునే కరెంటును గమనిస్తూ పోతే ఏ బోరు ఎంతసేపటికి కోలుకుంటుందో లెక్క తేలుతుందని హేమకు తట్టింది. ఆ లెక్కను నేర్చుకుని, తనే ఆపి తనే వేసే ప్రోగ్రామును ఇద్దరూ రాశారు. లెక్క హేమది. పెట్టె, ఫోను, మోటారు ఒకదాని మాట ఒకటి వినేలా చేసిన భాగమంతా దేవేంద్రది. దానికి ‘ఊట’ అని పేరు పెట్టారు.

మొదటి పెట్టెను ఓబులమ్మ తోటలో బిగించారు. మగడు పోయాక చీనీ చెట్లను ఒంటిచేత్తో సాకుతున్న మనిషి ఆమె. చదువు రాదు. మెసేజీ పంపితే తనకేం లాభమని అడిగింది. అందుకని పెట్టెనే ఫోను చేసి మాట్లాడేలా చేశారు. ఆ మాటలు ఎవరు చెప్పాలన్న ప్రశ్న వచ్చినప్పుడు హేమ ఆమె చేతనే చెప్పించింది. “నీళ్లు తగ్గినాయి. మోటారు ఆపినా. ఊట పడినాక మల్లా ఏస్తా.” అలిగిన బిడ్డకు నచ్చజెప్పినట్టు చెప్పింది ఓబులమ్మ. వెనకనుంచి కోడిపుంజు కూత కూడా రికార్డులో పడింది. తీసేద్దామనుకుని తీయలేదు.

ప్రోగ్రామును ఇంటర్నెట్లో అందరికీ పెట్టబోయే ముందు ఇద్దరికీ పట్టింపు వచ్చింది. హేమ కోరిన లైసెన్సులో ఒక షరతు ఉంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అయితే దాన్ని తమ పెట్టెలో పెట్టి ఇంకొకరికి ఇచ్చేవాళ్లు ప్రోగ్రాము సోర్సును, అంటే దాని అసలు రాతను, తాము చేసిన మార్పులతో సహా, అదే స్వేచ్ఛతో ఇవ్వాలి. దేవేంద్రకు ఆ షరతు ఇష్టం లేదు. ఇచ్చేదేదో ఏ షరతూ లేకుండా ఇద్దామన్నాడు. షరతు పెడితే కంపెనీలు ముట్టవు, కంపెనీలు ముట్టకపోతే ఊట ఈ నాలుగు మండలాలు దాటదు అని అతని వాదన.

“దాటకపోతే దాటకపోనీ,” అంది హేమ. “రేపు ఒకడు దీన్ని పెట్టెలో పెట్టి సీలేస్తే, చెడిపోయినప్పుడు రైతు యాడికి పోవల్ల? వాని కాడికే పోవల్ల. అది నాకొద్దు.”

“అందరినీ దొంగలనుకుంటే ఎట్ల?”

“అనుకోలేదు. దొంగకు సందు ఇయ్యొద్దంటాండా.”

కొన్నాళ్లు ఇద్దరూ పని మాటలు తప్ప మాట్లాడుకోలేదు. చివరికి దేవేంద్రే తగ్గాడు. హేమ కోరిన లైసెన్సు కిందే ఊట బయటికి వెళ్లింది.

అతను అనుకున్నంత చిన్నగా ఏమీ ఉండిపోలేదు అది. కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు మెకానిక్కులు సోర్సు దించుకుని తామే పెట్టెలు కట్టుకున్నారు. పావగడలో ఒకాయన మాటలు కన్నడంలోకి మార్చి, లెక్కలో ఒక తప్పు కూడా దిద్ది తిరిగి పంపాడు. బెంగుళూరు కంపెనీ ఒకటి వెతుక్కుంటూ వచ్చింది. తమకు మాత్రం ఆ షరతు లేకుండా వేరే లైసెన్సు ఇమ్మని అడిగింది. ఇద్దరూ రాసింది కాబట్టి ఇద్దరూ ఒప్పుకోవాలి. హేమ ఒప్పుకోలేదు. కంపెనీ మర్యాదగా వెనక్కి పోయింది, కొద్దికాలానికి దేవేంద్రకు ఉద్యోగం ఇచ్చింది. అతను వెళ్లేటప్పుడు గొడవేమీ జరగలేదు. తన పనిముట్లన్నీ అంగడిలోనే వదిలేసి పోయాడు.

ఆ మరుసటి ఎండాకాలం యేసన్న అనే మెకానిక్కు ఒక కొత్త పెట్టె తెచ్చి హేమ బల్ల మీద పెట్టాడు. మంచి ప్లాస్టిక్కు, చుట్టూ సీలు, పైన బెంగుళూరు కంపెనీ పేరు. సీలు తీస్తే గ్యారంటీ పోతుందని రాసి ఉంది. యేసన్న కరెంటు ఇచ్చి, తన ఫోనును స్పీకరు మీద పెట్టాడు. ఫోను మోగింది.

“నీళ్లు తగ్గినాయి. మోటారు ఆపినా.” ఓబులమ్మ గొంతు. వెనక కోడిపుంజు.

“ఇది మనదే కదక్కా,” అన్నాడు యేసన్న.

హేమ ఇంకోసారి పెట్టమంది. విన్నది. తనకు కోపం వస్తుందని చూసింది. రాలేదు. చేతిలో ఉన్న సోల్డరింగు పని పూర్తి చేసి, ఆ మధ్యాహ్నమే కంపెనీకి రాసింది. మీ పెట్టెలో ఊట ఉంది, లైసెన్సు ప్రకారం సోర్సు ఇవ్వండి అని.

జవాబు వకీలు దగ్గర్నుంచి వచ్చింది. ప్రోగ్రామంతా తాము కొత్తగా రాసుకున్నదేననీ, ఊటలోని ఒక్క వరుస కూడా అందులో లేదనీ, పొరపాటున మిగిలిపోయిన గొంతును తీసేస్తామనీ ఉంది. ఆ కింద ఇంకో సంగతి. బోరు కోలుకునే కాలాన్ని కరెంటునుబట్టి నేర్చుకునే పద్ధతి మీద తాము పేటెంటుకు దరఖాస్తు చేసి ఉన్నామనీ, అది మంజూరైతే అదే పద్ధతిలో పెట్టెలు కట్టేవాళ్లందరూ బాధ్యులవుతారనీ. కనిపెట్టినవారి పేరు దేవేంద్ర.

అలాంటి కాగితాలే మెకానిక్కులకూ వెళ్లాయి. వాళ్లలో చాలామంది ఊట పెట్టెలు కట్టడం ఆపేశారు. యేసన్న కూడా ఆపాడు. పిల్లలు గలవాణ్ని, కోర్టులు నాకెందుకక్కా అన్నాడు. హేమ సరే అంది.

ఆ ఆదివారం ఆమె బస్సెక్కి కొత్తచెరువు పోయింది. సెలవులకు దేవేంద్ర ఇంటికి వచ్చి ఉంటాడని తెలుసు. అంగడిలో గోపాలయ్య ఆమెను చూసి బాగుండావా అని అడిగి, మజ్జిగ తెప్పించి, కొడుకును పిలిచి, తను గోడౌనులోకి వెళ్లిపోయాడు. వైరు చుట్టల మధ్య రెండు స్టూళ్ల మీద ఇద్దరూ కూర్చున్నారు.

“లైసెన్సు నువ్వు చెప్పినట్టే పెట్టినాం కదా,” అన్నాడు దేవేంద్ర. “దాన్నేమీ మీరలేదు. రాతంతా మల్లా మొదట్నుంచి రాసినాం. లైసెన్సు కాసేది రాతను హేమా. తలకాయలో ఉండే ఆలోచనను కాదు.”

“అందుకే ఆలోచనకు పేటెంటు అడిగినారా?”

ఇది తాను అడిగింది కాదనీ, ప్రతి ఇంజనీరూ ఏదో ఒకటి రాసివ్వాలని కంపెనీలో పట్టు పడతారనీ, ఇంకో కంపెనీ తమ మీదికి రాకుండా అడ్డంగా పెట్టుకోవడానికే ఇవన్నీ అని చెప్పారనీ అన్నాడు. ఎవరి మీదా వాడరన్నారట.

“యేసన్న మీద వాడినారు.”

“నాకు తెలీదు.”

“నీ పేరే ఉండాది దాని మీద.”

“ఉండాది,” అన్నాడు.

వాళ్లు రెండేళ్లు ఒకే బల్ల దగ్గర పనిచేశారు. అతని ముఖంలో ఎక్కడ నిజం ఉందో, ఎక్కడ లేదో ఆమెకు తెలుసు. తెలిసినా ఆమె లోపల ఏదీ కదల్లేదు. మజ్జిగ తాగింది. ఉప్పు ఎక్కువైనట్టు అనిపించింది. బస్సుకు వేళైందని లేచింది. అతను బస్టాండు దాకా పక్కన నడిచి వచ్చాడు.

హైదరాబాదులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పనులు చూసే నిఖిత అనే లాయరు ఊట సంగతి విని ఫోను చేసింది. పేటెంటు ఇంకా మంజూరు కాలేదు కాబట్టి ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చునని చెప్పింది. మన చట్టంలో ఉత్త ప్రోగ్రాముకు పేటెంటు ఇవ్వరు. పెట్టెతో, మోటారుతో ముడిపెట్టి అడిగారు కాబట్టి ఆ వాదన అటూ ఇటూ పోవచ్చు. అంతకంటే గట్టిది, ఆ పద్ధతి దరఖాస్తుకు ముందే లోకానికి తెలిసిపోయిందని చూపించడం. అది చూపగలిగితే చాలు. కొత్తది కానిదానికి పేటెంటు రాదు. అభ్యంతరం వేయడానికి నిఖిత అడిగినవన్నీ హేమ పంపింది. వేళకు తిన్నది, వేళకు అంగడి తీసింది. వాళ్లమ్మ, ఏమైందే అట్లుండావు అని అడిగితే, ఏం కాలేదు అంది. అది అబద్ధం అనిపించలేదు ఆమెకు.

పేటెంటు ఆఫీసు విచారణ వీడియోలో జరిగింది. హేమ అంగడి తలుపు ఓరగా వేసి, లాప్‌టాప్ ముందు కూర్చుంది. కంపెనీ వకీలు బాగా మాట్లాడాడు. ఇంటర్నెట్లో పెట్టింది ప్రోగ్రాము మాత్రమేననీ, దాన్ని చదివి ఈ పద్ధతిని ఎవరూ గ్రహించలేరనీ, దాన్ని పద్ధతిగా తేల్చింది తమ ఇంజనీరేననీ అన్నాడు. సాంకేతిక విషయాలు చెప్పడానికి ఆ ఇంజనీరునూ పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. తెర మీద దేవేంద్ర ముఖం చిన్న చతురస్రంలో ఉంది. తెల్ల చొక్కా. చిక్కినట్టున్నాడు.

దరఖాస్తుకు ముందే ఈ పద్ధతి మీకు తెలుసా, తెలిస్తే ఎలా తెలిసిందని అధికారి అతన్ని నేరుగా అడిగాడు. వకీలు తనే జవాబు చెప్పబోతే, ఆయన్ను చెప్పనివ్వండి అన్నాడు అధికారి.

దేవేంద్ర ఇంగ్లీషులో, తడుముకోకుండా చెప్పాడు. ఈ లెక్క తనది కాదని, హేమదని. బెళుగుప్పలో ఆమె దాన్ని బల్ల మీద సుద్దతో గీసి వివరించిందని. ప్రోగ్రామును చదివి ఎవరూ గ్రహించలేరన్నది నిజం కాదనీ, పావగడలో తామెప్పుడూ చూడని మనిషి ఒకరు దాన్ని చదివి, గ్రహించి, ఒక తప్పు కూడా దిద్ది పంపాడనీ.

వకీలు తన వైపు మైకు ఆపేశాడు. వాళ్లిద్దరి పెదాలూ కదలడం హేమ చూసింది. తర్వాత దేవేంద్ర చతురస్రం పోయింది.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. పేటెంటు నిరాకరించారు. నిఖిత ఫోనులో సంతోషంగా నవ్వింది, ఇది చాలామందికి పనికొస్తుందని చెప్పింది. హేమ థాంక్స్ చెప్పి, ఫోను పెట్టేసి, తెరిచి ఉన్న స్టార్టరులోకి మళ్లీ వంగింది. ఆ సాయంత్రం సంగతి చెబుదామని ఓబులమ్మ తోటకు పోయింది. ఓబులమ్మ డ్రిప్పు పైపులు సర్దుతూ విన్నది.

“అయితే నా గొంతు ఆ బెంగుళూరోళ్ల పెట్టెల్లో ఉండదా?” అని అడిగింది.

“తీసేసినారత్తా. ఇప్పుడు ఎవరో మగాయన మాట్లాడతాడు.”

“ఎందుకు తీసినారు పాపా? బెళుగుప్ప సంతలో ఎవరెవరో నన్ను ఆపి, నీ మాట మా ఫోనులో వస్తాదని చెప్తాండ్రి. నాకు బాగుండె.”

హేమ పైపు రెండో కొస పట్టుకుంది.

మెకానిక్కులు తిరిగి రాలేదు. అప్పటికే కంపెనీ పెట్టెలకు అలవాటు పడ్డారు. అవి నిజంగానే బాగా పనిచేస్తున్నాయి. యేసన్న కంపెనీ తరపు మనిషిగా చేరాడు, ఎదురైతే అక్కా అని పలకరిస్తాడు. దేవేంద్రను కంపెనీ తీసేసిందని గోపాలయ్య దగ్గర సరుకు కొనేవాళ్లు చెప్పారు. ఎవరూ తీయలేదు, తనే మానేశాడని ఇంకొకరన్నారు. హేమ ఎవరినీ అడగలేదు.

వానలు మొహం చాటేసిన ఆ ఏడు, బోర్ల ఊట బాగా పడిపోయి ఊట ప్రోగ్రాము లెక్క తప్పడం మొదలైంది. మోటారును మరీ తొందరగా వేసేసేది. హేమ వారంపైగా వెతికినా తప్పు దొరకలేదు. ఒక పొద్దున లాప్‌టాప్ తెరిస్తే, ఎవరో దిద్దుబాటు పంపి ఉన్నారు. పేరు చూసింది. దేవేంద్ర. మాటేమీ రాయలేదు, మార్చిన వరుసలు మాత్రం ఉన్నాయి. తన మార్పును కూడా అదే లైసెన్సు కింద ఇస్తున్నానని చెప్పే గడిలో టిక్కు పెట్టి ఉంది.

ఆమె దాన్ని ఓబులమ్మ మోటారు మీద వేసి పెట్టి, కరెంటు ఉన్నంతసేపూ బోరు పక్కన గట్టు మీద కూర్చుంది. మోటారు ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత తనే మళ్లీ తిరగసాగింది. పైపుల చివర్లలో నీళ్లు బొట్లు బొట్లుగా రావడం మొదలైంది. లెక్క సరిపోయింది.

అంగడికి వచ్చి దిద్దుబాటును ఊటలో కలిపింది. కలిపినప్పుడు పంపినవాళ్లకు రెండు మాటలు రాయడం ఆమెకు అలవాటు. ఖాళీ గడి వైపు కొంతసేపు చూసింది. ‘సరిగ్గా ఉంది’ అని రాసి, పంపి, బయట ఎవరో పిలుస్తుంటే లేచి వెళ్లింది.