కంచె అవతల ఒదెలీ

మా తాతమ్మ ఒదెలీని సమాధుల తోట కంచె బయటికి నెట్టింది మీరే, చర్చి పెద్దలారా! మీరు కాకపోతే మీ కుర్చీల్లో మీకు ముందు కూర్చున్నవాళ్లు. మంచు కరగగానే ఆమె మీద తారు పోసి కార్లు నిలపబోతున్నది మాత్రం అచ్చంగా మీరే.

ఈ చలికాలమంతా ఫాదర్ లకాస్ గదిలో కూర్చుని చర్చి చావుపుట్టుకల దస్త్రాలు తిరగేశాను. ఒదెలీకి పుట్టిన రోజే జ్ఞానస్నానం. పదిహేడేళ్లకి ఒనెసిమ్‌తో పెళ్లి, సంతకం రాదన్నారు. ఆ తర్వాత ఏడాది విడిచి ఏడాది ఒక బిడ్డ. చివరికి 1893 జనవరిలో: చనిపోయింది, శవాల కొట్టులో ఉంచాం. చలికాలంలో మా నేల గడ్డపారకి లొంగదు. పోయినవాళ్లు చర్చి వెనక రాతికొట్టులో మే నెలదాకా ఆగాల్సిందే. మేలో అందరినీ పూడ్చినట్టు రాశారు, ఒదెలీని తప్ప.

"లోపలికి పోయిన మనిషి ఏమైంది ఫాదర్?"

"రాయడం మరిచుంటారు రోసేర్. మిల్లులో సమ్మె చాల్లేదా, ఇప్పుడు చచ్చినవాళ్లని కూడా లేపుతావా?"

ఫాదర్ మాట చెప్తే మా ఎక్సిల్డా అత్త బఠాణీ సూప్ కలుపుతూ నవ్వింది. "మరుపా, వాడి మొహం! మా నాన్న, ఆమె కొడుకే, కళ్లారా చూశాడురా. అప్పుడాయనకి తొమ్మిదేళ్లు. కాన్పులో తల్లీ బిడ్డా పోయారు. జ్ఞానస్నానం లేని బిడ్డకి కంచె లోపలి పవిత్ర భూమిలో చోటివ్వరు కదా. అందుకని ఆడవాళ్లు బిడ్డని తల్లి శాలువా కింద దాచేశారు. మేలో అప్పటి ఫాదర్ పెట్టె మూత తీయించాడు. బిడ్డని తీసేస్తే తల్లి లోపలికి రావచ్చన్నాడు."

"తీశారా?"

"మా తాత ఒనెసిమే లాగాడు. ఆమె చేతులు విడిపోలేదు. చలికి బిగుసుకున్నాయన్నారట. మే నెల్లో ఏం చలిరా?" అత్త గరిటె కింద పెట్టింది. "ఇద్దర్నీ కంచె అవతల పూడ్చారు."

"ఇన్నేళ్లూ చెప్పలేదేమత్తా?"

"చెప్తే ఊరుకుంటావా? కరపత్రం వేసేవాడివి!"

మర్నాడు పొద్దున అక్కడికి వెళ్లాను. చుట్టూ నడుముల్లోతు మంచు. కంచె అవతల మనిషి పొడవున ఒక్కచోట మాత్రం నేల నల్లగా తేలి ఉంది. అరచెయ్యి ఆనించాను. లోపలినించి ఎవరో నెమ్మదిగా తడుతున్నారు, పసిబిడ్డని జోకొడుతున్నట్టు. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా చెయ్యి తీసుకోలేకపోయాను. నేను లేస్తే ఆ బిడ్డ ఏడుస్తుందేమోననిపించింది.

ఇదంతా మీ సమావేశంలో చెప్పాను. "దస్త్రంలో లేదు కదా, ఆధారమేదీ?" అన్నారు. రాయనిదీ మీరే, లేదంటున్నదీ మీరే!

తారు యంత్రాన్ని వెనక్కి పంపండి. ఆమెను తవ్వొద్దు, తాకొద్దు. కంచె పీకి, ఆమె లోపలికి వచ్చేలా ఆమెకి అవతలగా పాతండి. ఈ మేలోనే దస్త్రంలో తల్లినీ బిడ్డనీ ఒకే వాక్యంలో రాయండి. నేల కరిగిన మొదటి ఆదివారం పూజ కాగానే గునపాలు పట్టుకుని బయటికి రండి, అందరూ.