అమ్మ ఉందిగా

కోడలి బ్యాగు నేనే సర్దాను. నాలుగు జతల బట్టలు, చార్జరు, జ్వరం మాత్రలు. అవి పెట్టానో లేదోనని మళ్ళీ చూశాను. ఎవరు ప్రయాణమైనా నాకు కంగారే. ఈసారి మాత్రం కోపం.

కోడలు ఇంట్లోంచే ఓ కంపెనీ సర్వర్లు చూసేది. పెద్ద యంత్రం ఒకటి, దాన్ని వాటాలు వేసి చాలామందికి అద్దెకిస్తారట. అందులో మెమరీ రెండు రకాలంది. ఒకటి మనకే కేటాయించినది. ఖాళీగా పడున్నా ఇంకొకరు ముట్టుకోరు. రెండోది ఉమ్మడిది. పక్కవాళ్ళు వాడనప్పుడు మనం వాడుకోవచ్చు, వాళ్ళకి కావాలంటే లాగేసుకుంటారు.

"మన పని సగంలో ఉంటేనో?"

"సగంలోనే ఆపేస్తారు అత్తయ్యా."

"ముందు చెప్పరా?"

"చెప్పరు."

కొడుకు ఒకటో తరగతి వాచకంలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని, నాకిది ఒక్కసారికే అర్థమైంది. పొయ్యి దగ్గర పుస్తకం తెరిస్తే చాలు, పోయిన మా ఆయన "చదివి ఏ ఊళ్ళేలాలి?" అని పిలిచేవారు. నలభై ఏళ్ళలో ఒక్క పుస్తకమూ కూర్చున్న చోట పూర్తిచేయలేదు.

నా కొడుక్కి ఒక గది ఉంది. అందులో వాడు ఎక్కని వ్యాయామం సైకిలు, దాని మీద ఆరేసిన చొక్కాలు. కోడలికి భోజనాల బల్ల. "ఖాళీగా ఉన్నప్పుడు వాడుకో, ఎవరొద్దన్నారు?" అన్నాడు.

ఒక మంగళవారం ఆమె ఒక ఖాతాదారుడి ఫైళ్ళన్నీ ఉమ్మడి సర్వరు నుంచి సొంతదానికి మారుస్తోంది. వీడు ముగ్గురు స్నేహితులతో దిగాడు. ల్యాప్‌టాప్ మూసి ఫ్రిజ్ మీద పెట్టాడు. "రెండు నిమిషాలాగితే కొంపలు మునుగుతాయా?" అన్నాడు. ఆ ఖాతాదారుడి దుకాణం సైటు రోజంతా ఆగిపోయింది. ఆఫీసున్న ఊరికి వచ్చి పనిచెయ్యి, లేదంటే మానెయ్ అన్నారు కంపెనీవాళ్ళు. మానెయ్ అన్నాడు వీడు. వెళ్తానంది కోడలు.

సర్దుతుంటే గుమ్మంలో నిలబడి, "సరే, నెల్లాళ్ళు చూసి వచ్చెయ్. అప్పటిదాకా వంటకీ ఇంటికీ అమ్మ ఉందిగా" అన్నాడు. నన్ను అడగలేదు. నా వైపు చూడనైనా లేదు.

జిప్పు వేయబోయి ఆగాను. లోపలికెళ్ళి నా బట్టలు రెండు జతలు తెచ్చాను. కోడలు బ్యాగు ఇంకాస్త వెడల్పుగా తెరిచి పట్టుకుంది.

జూన్ పదకొండు, శనివారం పొద్దున నేనూ నా కోడలూ ఆ ఇంట్లోంచి వెళ్ళాం. ఇద్దరమూ తిరిగి రాలేదు.