పత్తి చేనులో ముప్పై చుక్కలు

పెళ్లయిన ఆరో వారంలో మేమిద్దరం మొదటిసారి దూరం బస్సెక్కాం. స్టీఫెన్ కిటికీ పక్క సీటు నాకిచ్చాడు. జగిత్యాల రాకముందే ఉడకబెట్టిన పల్లికాయ పొట్లం ఖాళీ అయింది. ఆఖరి కాయలోని రెండు గింజలను చెరొకటి తిన్నాం. ఇంత చిన్న విషయానికి ఇంత సంతోషపడొచ్చని నాకు పెళ్లికి ముందు తెలియదు.

మేం పోతున్నది స్టీఫెన్ చెల్లెలు షారోన్ దగ్గరికి. ఆమె అత్తగారి ఊరు ఉట్నూరు దాటాక, గుట్ట వెనుక ఉన్న చిన్న గూడెం. షారోన్‌కు ఎనిమిదో నెల. కిందటేడు ఇదే పత్తి ఏరే రోజుల్లో, నెలలు నిండకుండానే, చేనులోనే ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. అక్కడ ఫోను పలకదు. ఆమె భర్త బెంజమిన్ అన్న బండి మీద సిగ్నల్ దొరికే దాకా పోయి, అంబులెన్సును వెంటబెట్టుకుని వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. బిడ్డ దక్కలేదు.

నేను కరీంనగర్‌లో ఎం.టెక్. చదివిన కాలేజీలోనే నర్మద మేడం దగ్గర ప్రాజెక్టులో పనిచేస్తున్నాను. మాది అగ్గిపెట్టెంత రేడియో డబ్బీల పని. వాటికి టవర్ అక్కర్లేదు. ఒక డబ్బీ మీట నొక్కితే కబురు దగ్గరున్న ఇంకో డబ్బీకి, దాని నుంచి మరోదానికి అందుతూ గుట్ట అవతల బడి కప్పు మీద పెట్టిన పెట్టెకు చేరుతుంది. అక్కడి నుంచి అంబులెన్సుకు పోతుంది. ఆ గూడేన్ని మేడంకు చూపించింది నేనే.

డబ్బీలు ఇచ్చే ముందు కంప్యూటర్‌లో ఒక గూడెం తయారుచేశాను. ముప్పై మందికి ముప్పై చుక్కలు. ఒక్కో చుక్క తన ఇష్టం వచ్చిన చోటికి నడుస్తుంది, కాసేపు ఆగుతుంది, మళ్లీ బయలుదేరుతుంది. వెయ్యిసార్లు నడిపించాను. నూటికి తొంభై ఆరు కబుర్లు చేరాయి. డబ్బీలు పంచడానికి మా వాళ్లు వెళ్లిన రోజు నేను పెళ్లి చీరలు కొంటున్నాను.

ఆ తొంభై ఆరును స్టీఫెన్ ఊరంతా చాటాడు. బెంజమిన్ అన్న ఉట్నూరు అంగడికి వచ్చినప్పుడు ఫోన్‌లో అతనికీ చెప్పాడు. ఆ మాట విని, షారోన్‌ను పుట్టింటికి పంపాలనుకున్న వాళ్లు ఆపేశారు. ఈ సంగతి నాకు చేనుకు చేరేదాకా తెలియదు.

చేనులో ముందుగా షారోన్ అత్త లచ్చవ్వ మమ్మల్ని చూసింది. నడుముకు కట్టుకున్న ఒడి నిండా పత్తి.

"పత్తి చేన్లకు పట్టుచీర కట్టుకొస్తరా బిడ్డా? కాయ ముండ్లు పోగు పోగు గుంజుతయ్. స్టీఫెనూ, గట్ల నవ్వుకుంట నిలవడకు, పెండ్లాన్ని జర ఎత్తుకోరాదు!"

ఏరుతున్న ఆడవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వుతూనే గట్టు మీది తునికి చెట్టు వైపు చూశాను. కొమ్మకు ఒక గుడ్డసంచి వేలాడుతోంది.

"గదేంది పెద్దమ్మా?"

"మీ డబ్బీలే బిడ్డా. భద్రంగ దాసిన," అంది లచ్చవ్వ గర్వంగా. "మెడల ఏసుకుంటే వంగినప్పుడల్ల చెట్టుకు తట్టుకుంటది. మొదలు దినం అనసూర్యది తెగి పత్తి నింపే బోరెంల పడ్డది. బోరెడు పత్తి గుమ్మరించి ఎతికినం. గప్పటి సంది రాంగనే అందరియి సంచిల ఏపిస్త, పొద్దుమీకినంక ఇస్త. ఒక్కటి సుత పోలే."

"అందరు గీ చేన్లనే ఉన్నరా?"

"ఇంకెక్కడుంటరు? ఇయ్యాల అనసూర్య చేను, రేపు మాది. ఊరంత ఒక్క తాన్నే ఏరుతం."

నా చుక్కలు ఒక్కనాడూ ఒకే చేనుకు కలిసి పోలేదు. వాటికి పత్తి లేదు, మధ్యలో గుట్ట లేదు. ఒక సంచిలో అన్నీ కలిసి వేలాడతాయని నేను కలలో కూడా అనుకోలేదు.

షారోన్ మెడలో మాత్రం డబ్బీ ఉంది. స్టీఫెన్‌ను బెంజమిన్ అన్న బండి మీద బడికి పంపాను. పెట్టె దగ్గర గంటసేపు కూర్చుని ఏమేం వస్తాయో చూడమన్నాను. ఇక్కడ షారోన్ పది నిమిషాలకోసారి మీట నొక్కింది. నొక్కిన ప్రతిసారీ పచ్చ లైటు వెలిగింది.

"చూసినవా వదినా, పోయింది," అనేది.

పోయింది నిజమే. అది ఇంకో డబ్బీకి అందిందని మాత్రమే ఆ లైటుకు అర్థం. అందుకున్న డబ్బీ తునికి చెట్టు సంచిలోనే ఉంది, అక్కడి నుంచి బడి దాకా దారిలో ఇంకొకటి లేదు. అయినా స్టీఫెన్ వచ్చేదాకా ఆగాను. ఏడుసార్లు నొక్కాక బండి చప్పుడు వినిపించింది. దిగుతున్నప్పుడు అతను నా ముఖం వైపు చూడలేదు.

"ఒక్కటి సుత రాలే," అన్నాడు.

లచ్చవ్వ దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆరు వారాలుగా ఏ మాట మాట్లాడినా నవ్వే వచ్చేది. ఇప్పుడు రాలేదు.

"పెద్దమ్మా, నా లెక్క తప్పు. షారోన్‌కు ఏమన్న అయితే గీడికెళ్లి కబురు పోదు."

"నూటికి తొంభై ఆరన్నరు గద?"

"అది మీ ఊరి లెక్క గాదు. నేను అనుకున్న ఊరి లెక్క."

ఆమె చేతిలోని పత్తిని ఒడిలో వేయలేదు, కింద పడేయలేదు. "పోయిన నెల్లనే చొప్పదండికి తల్లిగారింటికి తోలిద్దామనుకున్న. మీ ఆయన గంత నమ్మకం చెప్పిండని ఆపిన," అంది. చెట్టుకున్న సంచి వైపు చూసి అడిగింది. "మేం సంచిల ఏసుడు తప్పా?"

"కాదు పెద్దమ్మా. మీరెట్ల పని చేస్తరో అడగకపోవుడు నా తప్పు."

లచ్చవ్వ ఒడి విప్పి బోరెంలో గుమ్మరించింది. "షారోనూ, నడువు. మూడు గంటలకు బస్సున్నది."

"ఇంత పత్తి పెట్టుకొని ఎట్ల పోవాలత్తా?"

"పత్తి చెట్టు మీదనే ఉంటది తీయ్. దానికి నెలలు నిండుతున్నయా?"

ఎవరూ నవ్వలేదు.

కరీంనగర్‌లో మాకున్నవి రెండే గదులు, ఒకటే మంచం. ఆస్పత్రి మాత్రం నడిచిపోయేంత దగ్గర. అందుకే షారోన్‌ను పుట్టింటికి కాకుండా మా ఇంటికే తెచ్చుకున్నాం. మంచం షారోన్‌కు, ఆమె పక్కన నాకు. స్టీఫెన్ వంటగదిలో చాప పరుచుకుని, గిన్నెలు కాలికి తగులుతున్నాయని గొణుక్కుంటూనే ఉదయం ముగ్గురికీ చాయ్ పెట్టాడు. ఆ చాయ్ ఎంత బాగుందో చెప్పలేను. ఆ సమయంలో అలా అనిపించినందుకు కొంచెం సిగ్గుపడ్డాను కూడా.

మంచం మీద పడుకునే ఉండి షారోన్ చెబుతుంటే నేను కంప్యూటర్‌లో కొత్త గూడెం గీశాను. ఏ రోజు ఎవరి చేను, ఏ దారిన నడుస్తారు, గుట్ట ఎక్కడ మొదలవుతుంది, సంచి ఏ చెట్టుకు వేస్తారు. చుక్కలన్నీ ఈసారి కలిసి బయలుదేరాయి, కలిసి ఆగాయి. వెయ్యిసార్లు నడిపించాను. ఇండ్ల దగ్గర ఉన్న పొద్దు కూడా కలుపుకుంటే నూటికి ముప్పై ఒకటి. చేనులో ఉన్న పొద్దుకు దాదాపు సున్న.

నర్మద మేడం ఫోన్‌లో ఆ అంకెలు రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, "ఉన్నదున్నట్టు రాసి పంపు. గుట్ట మీద డబ్బీ పెట్టడానికి ఒక స్తంభం అడుగుదాం. ఈ పంటకైతే రాదు మహిమా," అంది.

షారోన్ మోచేతి మీద లేచి తెర వైపు చూసింది. "దీంట్ల నేనేది వదినా?"

"నువ్వు లేవు. ఈడికొచ్చినవ్ గద, నీ చుక్క తీసేసిన."

"తీయకు. నా డబ్బీ అనసూర్యక్క కోడలికి ఇచ్చొచ్చిన. దానికి ఐదో నెల."

చుక్కను మళ్లీ పెట్టాను. రిపోర్టు మొదటి వరుసలోనే ముప్పై ఒకటి అని రాశాను. దాని కింద, ఈ పంటకాలంలో ఈ డబ్బీని నమ్మి ఎవరినీ చేనులో ఉంచవద్దని రాశాను. ఆ రిపోర్టు గూడెంలో ఎవరూ చదవరు.

"బెంజమిన్ అన్న అంగడికి ఎప్పుడొస్తడు?" అని స్టీఫెన్‌ను అడిగాను.

"ఇంక నాలుగు దినాలకు."

నాలుగు రోజులు ఆగబుద్ధి కాలేదు. ఆ మాట చెప్పడానికి పొద్దున ఆరు గంటల బస్సుకు నేనే గూడేనికి బయలుదేరాను. ఈసారి నూలు చీర కట్టుకున్నాను.